ఏడు కిలోల సంచిలో ఐదు రోజులు: బెంగళూరు నుంచి చెన్నై వెళ్ళే మగవారికి బట్టలు సర్దుకునే సమగ్ర మార్గదర్శి

బెంగళూరులో స్థిరపడిన తెలుగువాళ్ళకు పని మీద చెన్నై వెళ్ళిరావడం మామూలు విషయమే అయినా, ఆ ప్రయాణానికి బట్టలు సర్దుకోవడం మాత్రం అంత మామూలుగా సాగదు. సముద్ర మట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున, సాయంత్రమయ్యేసరికి చల్లబడే ఊళ్ళో బయలుదేరి, నాలుగైదు గంటల్లో సముద్రపు ఒడ్డున ఉక్కపోతలో దిగుతాం. బుధ, గురు, శుక్రవారాలు ఆఫీసు పని, శనివారం మహాబలిపురం, ఆదివారం తిరుమల దర్శనం చేసుకుని అటునుంచి అటే ఇంటికి చేరడం నాకు అలవాటైన వరస. చెన్నై నుంచి తిరుపతి దాదాపు 135 కిలోమీటర్లు, తిరుపతి నుంచి బెంగళూరు దాదాపు 250 కిలోమీటర్లు కాబట్టి దారి కూడా కలిసివస్తుంది. ఈ ఐదు రోజుల ప్రయాణాన్నే నమూనాగా తీసుకుని, ఆఫీసుకూ విహారానికీ గుడికీ సరిపోయే బట్టలన్నింటినీ విమానంలో చేత్తో తీసుకువెళ్ళనిచ్చే 7 కిలోల లోపు ఒకే సంచిలో ఎలా సర్దుకోవచ్చో వరుసగా చెబుతాను. రైలులో ఏసీ చైర్‌కార్‌కు 40 కిలోల దాకా ఉచితమే అయినా, రైలుకూ నేను ఇదే లెక్క పాటిస్తాను. ఎందుకంటే సెంట్రల్ స్టేషన్లో దిగి మెట్రో మెట్లెక్కేటప్పుడు ఆ సంచిని మోయాల్సింది మనమే.

మనలో చాలామంది బీరువా తెరిచి ముందుగా చొక్కాలు బయటికి తీస్తారు. తర్వాత వాటికి తగిన ప్యాంట్లు, వాటికి తగిన బెల్టులు, చివరికి వాటన్నిటికీ సరిపోవడానికి రెండు జతల బూట్లు కావలసివస్తాయి. నా అనుభవంలో ఇది తలకిందుల పద్ధతి. సర్దడం పాదాల దగ్గర మొదలుపెట్టి పైకి రావాలి.

మొదటి మెట్టు: రోజులు కాదు, సందర్భాలు లెక్కపెట్టండి

ఒక కాగితం మీద ప్రయాణంలోని సందర్భాలు రాసుకోండి. నా నమూనాలో అవి ఆరు: ప్రయాణం, రెండు ఆఫీసు సమావేశాలు, ఫ్యాక్టరీ సందర్శన, ఒక విందు, సముద్రతీరం, గుడి. ఒక్కో సందర్భం పక్కన అది ఎక్కడ జరుగుతుందో రాయండి. ఓఎంఆర్, అంటే ఓల్డ్ మహాబలిపురం రోడ్డులోని సాఫ్ట్‌వేర్ కంపెనీకి టక్ చేసిన చొక్కా, చినోస్ (జీన్సు కంటే పలుచని నూలు బట్ట) ప్యాంటు సరిపోతాయి. బ్యాంకులు, ఆడిటర్లు, పాత వ్యాపార కుటుంబాల సంస్థలతో పని ఉంటే మాత్రం బెంగళూరు అలవాటును ఇంట్లోనే వదిలిపెట్టి, పూర్తి చేతుల చొక్కాకూ తోలు బూట్లకూ సిద్ధపడడం మంచిది. శ్రీపెరుంబుదూరు, ఒరగడం వైపు ఫ్యాక్టరీలోకి వెళ్ళాల్సి ఉంటే టై, ఉంగరాలు, వేలాడే గొలుసులు తీసి బయటపెట్టాలి. తిరిగే యంత్రాల దగ్గర అవి ప్రమాదం. ఆ రోజుకు పూర్తి నూలు ప్యాంటు ఎంచుకోండి, ఎందుకంటే వేడికీ నిప్పురవ్వలకూ పాలియెస్టర్ కరిగి చర్మానికి అంటుకుంటుంది. లోపలికి వెళ్ళేముందు వాళ్ళిచ్చే ఇనుప ముక్కు బూట్లు సాధారణంగా వదులుగా ఉంటాయి కనుక మందపాటి సాక్సులు ఒక జత మీరే తీసుకువెళ్ళండి.

కాగితం మీదే నెల కూడా రాయాలి. చెన్నైకి వానలు ప్రధానంగా అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. బెంగళూరులో వానాకాలం ముగిసిందని గొడుగును అటక మీదికి ఎక్కించే సమయానికి అక్కడ అసలు వానలు మొదలవుతాయి. మే నెలలో ఎండ 40 డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటుంది, దానికి గాలిలోని తేమ తోడవుతుంది.

రెండవ మెట్టు: బూట్లు

సంచిలో పెట్టే దుస్తుల్లో అన్నిటికంటే బరువైనవి, ఎక్కువ చోటు తినేవి బూట్లే. ఒక తోలు బూట్ల జత సుమారు కిలో బరువు తూగుతుంది. అందుకే ఒక జత కాళ్ళకు, ఒక జత చెప్పులు సంచిలో అని నియమం పెట్టుకోండి. మూడో జత అనే ఆలోచన వస్తే, ఏ సందర్భం కోసమో కాగితంలో వెతకండి. దాదాపు ఎప్పుడూ దొరకదు.

ఆ ఒక్క జత ముదురు గోధుమ రంగువైతే మంచిదని నా అభిప్రాయం. నల్లబూట్లు జీన్సు మీదా చినోస్ మీదా ఎబ్బెట్టుగా ఉంటాయి. ముదురు గోధుమ రంగు నేవీ బ్లూకీ బూడిద రంగుకీ ఖాకీకీ మూడింటికీ నప్పుతుంది. లేసులున్న సాదా డెర్బీ గానీ, లేసుల్లేని లోఫర్ గానీ తీసుకోవచ్చు. గుడి ముందర, తనిఖీ దగ్గర, ఇళ్ళకు భోజనానికి వెళ్ళినప్పుడు మనం రోజుకు నాలుగైదు సార్లు బూట్లు విప్పుతాం కాబట్టి నేను లోఫర్ వైపే మొగ్గుతాను. అడుగుభాగం రబ్బరుదై ఉండాలి. తోలు అడుగు నున్నటి పాలరాతి నేల మీద, తడిలో జారుతుంది.

కొత్త బూట్లు వేసుకుని ప్రయాణం చేయకండి, కనీసం వారం రోజులు ఇంటి దగ్గర తొడిగి మెత్తబరచండి. కొనాలనుకుంటే ఈ దారి అందుకు తగినదే. బెంగళూరు–చెన్నై రైలు మార్గంలోనూ, 48వ నంబరు జాతీయ రహదారి మీదా వచ్చే ఆంబూరు, వాణియంబాడి, రాణిపేట తోలు పరిశ్రమకు పేరుపడ్డ ఊళ్ళు. కారులో వెళ్తున్నవారు ఆంబూరులో బిర్యానీ కోసం ఎలాగూ ఆగుతారు కనుక ఆ పక్కనే బూట్ల దుకాణాలు కూడా చూసుకోవచ్చు.

ఒకసారి నవంబరులో వాన నీళ్ళలో తడిసిన బూట్లను పొద్దున సమావేశానికి ఆరబెట్టాలనే తొందరలో హోటల్ గదిలోని జుట్టు ఆరబెట్టే డ్రయ్యర్‌తో వేడిగాలి పట్టించాను. పావుగంటలో ఆరాయి, కానీ వేళ్ళ దగ్గర తోలు బీటలువారింది. ఆ జత మళ్ళీ పాలిష్ పట్టలేదు. తడిసిన బూట్లలో పాత వార్తాపత్రికలు ఉండలుగా చుట్టి కూరి, గంటకోసారి మార్చి, ఫ్యాను కింద పక్కకు పడుకోబెట్టాలి. రాత్రంతా పడుతుంది. హోటల్ కౌంటర్‌లో అడిగితే పాత పేపర్లు కాదనకుండా ఇస్తారు. వానాకాలంలో ముందు రోజు రాత్రే బూట్లకు మైనం పాలిష్ పట్టిస్తే ఈ తిప్పలు సగం తప్పుతాయి.

బెల్టు బూట్ల రంగులోనే ఒక్కటి చాలు, అదీ నడుముకే ఉంటుంది.

మూడవ మెట్టు: ప్యాంట్లు రెండు

బూట్లు తేలాక ప్యాంట్ల ఎంపిక నిమిషం పని. ఒకటి బూడిద రంగు, ఒకటి నేవీ బ్లూ లేదా ఖాకీ. ఒకటి ఒంటి మీద, ఒకటి సంచిలో. జీన్సు ఒక్కటే సుమారు 600 గ్రాములు తూగుతుంది, తడిస్తే రోజంతా ఆరదు. చెన్నైకి దాన్ని నేను తీసుకువెళ్ళను. ఆఫీసు ప్యాంటుకు పలుచని ఉన్ని, అంటే ట్రాపికల్ ఊల్ అని దర్జీలు పిలిచే బట్ట, విన్నప్పుడు ఉక్కపోత ఊరికి విరుద్ధంగా తోస్తుంది గానీ, గాలి ఆడుతుంది, రాత్రి వేలాడదీస్తే తెల్లారేసరికి ముడతలు వాటంతట అవే సర్దుకుంటాయి. ఖర్చు ఎక్కువ అనుకుంటే రెండు మూడు శాతం లైక్రా, అంటే సాగే దారం, కలిసిన నూలు ప్యాంటు సరిపోతుంది.

నాలుగవ మెట్టు: చొక్కాలు

ఇక్కడ కొంచెం నిలిచి ఆలోచించాలి, ఎందుకంటే చెన్నైలో చొక్కా మీద చెమట కనిపించడమా కనిపించకపోవడమా అన్నది ప్రధానంగా రంగు మీద ఆధారపడి ఉంటుంది. లేత నీలం, బూడిద రంగు చొక్కాలు తడిస్తే ముదురు మచ్చలు స్పష్టంగా కనబడతాయి. బెంగళూరులో అందరికీ ఇష్టమైన ఆ లేత నీలం చొక్కా గిండీలో ఆటో దిగేసరికి చంకల దగ్గర పటం గీసినట్టు తయారవుతుంది. తెలుపు, నేవీ బ్లూ, దగ్గర దగ్గరగా ఉన్న సన్న గళ్ళు చెమటను దాచుకుంటాయి. అందువల్ల నాలుగు చొక్కాల్లో రెండు తెల్లవి, ఒకటి నేవీ బ్లూ, ఒకటి సన్న గళ్ళది ఉంచండి. గళ్ళ చొక్కా శుక్రవారం ఆఫీసుకూ శనివారం విహారానికీ కూడా పనికివస్తుంది.

బట్ట విషయానికి వస్తే, నూటికి నూరుపాళ్ళు నూలు బట్ట ముడతలు పడుతుంది గాని ఒంటికి హాయిగా ఉంటుంది. పాలియెస్టర్ కలిపినది ఇస్త్రీ నిలుపుకుంటుంది గాని మధ్యాహ్నానికల్లా వాసన పట్టుకుంటుంది. ముడతలు పడవని చెప్పి అమ్మే నూలు చొక్కాలకు రెసిన్ అనే రసాయనపు పూత పూస్తారు, దానివల్ల గాలి ఆడడం కొంత తగ్గుతుంది. వాటిని నేను బ్లేజరు లోపల వేసుకోవడానికి మాత్రమే ఉంచుతాను. నార బట్ట, అంటే లినెన్, ముడతలు పడినా చూడడానికి బాగుంటుంది కాబట్టి శనివారానికి అదే మేలు. మన శ్రీకాకుళం జిల్లా పొందూరు ఖద్దరు చొక్కా ఒకటి ఉంటే ఉక్కపోతకు అంతకు మించినది లేదు. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని శుభ్రం చేసి వడికే ఆ నూలు సన్నదనం ఒంటికి తెలుస్తుంది.

తెల్లచొక్కా లోపల తెల్ల బనియను వేసుకోవడం మనవాళ్ళందరికీ అలవాటు, కానీ బయటికి ఎక్కువగా కనిపించేది అదే. లేత బూడిద రంగు లేదా చర్మపు ఛాయకు దగ్గరగా ఉండే రంగు బనియను కనిపించదు. చెమట చొక్కాకు చేరకుండా పీల్చుకోవడానికి చేతులున్న పలుచని బనియను మంచిది. లోదుస్తులు నాలుగు జతలు చాలు. రాత్రి ఉతికి, పొడి తువ్వాలులో చుట్టి గట్టిగా మెలిపెట్టి పిండితే నీళ్ళన్నీ తువ్వాలుకు పోతాయి, ఏసీ గదిలో వేలాడదీస్తే పొద్దునకు ఆరతాయి. స్నానాల గదిలో వేలాడదీస్తే మాత్రం ఆ తేమలో ఆరవు, ముక్కవాసన వస్తుంది.

ఐదవ మెట్టు: బ్లేజరు కావాలా?

ఒక్క విందుకోసం, ఒక్క పెద్ద సమావేశం కోసం కావచ్చు. అవసరమైతే లోపల సగమే అస్తరు ఉన్న నేవీ బ్లూ బ్లేజరు తీసుకోండి. సిల్కులా మెరిసే అస్తరు చాలావరకు పాలియెస్టరే, వేడంతా అక్కడే నిలిచిపోతుంది. దాన్ని సంచిలో పెట్టకుండా వేసుకునే వెళ్ళండి. డిసెంబరు తెల్లవారుజామున దేవనహళ్ళి విమానాశ్రయానికి వెళ్ళే బస్సులోనూ, చల్లగా ఉండే రైలు పెట్టెలోనూ అదే స్వెట్టరు. తిరుమలలో చలికి కూడా పనికివస్తుంది, కొండ దాదాపు 850 మీటర్ల ఎత్తున ఉంది కదా.

ఆరవ మెట్టు: పంచె, శనివారం, ఆదివారం

తిరుమలలో ప్రత్యేక ప్రవేశ దర్శనానికీ సేవలకూ మగవారు పంచె ఉత్తరీయం గానీ కుర్తా పైజామా గానీ వేసుకోవాలి. పంచె సంచిలో చోటు తినదు, 300 గ్రాములకు మించదు. అదీగాక, చెన్నైలో పంచె గుడికి మాత్రమే పరిమితమైన దుస్తు కాదు. 2014లో నగరంలోని ఒక క్లబ్బులో పంచె కట్టుకున్న హైకోర్టు న్యాయమూర్తిని లోపలికి రానివ్వకపోవడంతో గొడవ రేగి, అదే ఏడాది అలా అడ్డుకోవడాన్ని నిషేధిస్తూ తమిళనాడు శాసనసభ చట్టమే చేసింది. కాబట్టి పెళ్ళి రిసెప్షన్‌కో ఇంటి విందుకో పిలుపు ఉంటే తెల్లచొక్కా, జరీ అంచు పంచెతో వెళ్ళవచ్చు, ప్రత్యేకంగా ఇంకో జత అక్కర్లేదు. కట్టుకోవడం అలవాటు లేనివారికి వెల్‌క్రో అతికించిన పంచెలు దొరుకుతాయి. పెద్దవాళ్ళు నవ్వితే నవ్వనివ్వండి, క్యూలో ఆరు గంటలు నిలబడేది మనం.

మహాబలిపురానికి పలుచని చొక్కా, టోపీ, నీళ్ళల్లో తడిసినా ఫర్వాలేని రబ్బరు చెప్పులు చాలు. సముద్రతీర ఆలయం చుట్టూ నీడ తక్కువ, రాయి పదకొండు గంటలకల్లా వేడెక్కుతుంది. చెప్పులు ఖరీదైనవి వద్దు, గుడి బయట వదిలి లోపలికెళ్ళాక మనసు వాటి మీద ఉండకూడదు. నిక్కరు వేసుకుంటే దారిలో ఏ గుడికి వెళ్ళాలన్నా ఇబ్బంది కనుక ఖాకీ ప్యాంటే నయం. ఒక చొక్కా తగ్గించుకుని వెళ్ళి, టి.నగర్‌లోనో, 1935 నుంచి నడుస్తున్న చేనేత సహకార సంస్థ కో-ఆప్టెక్స్ దుకాణంలోనో మద్రాసు గళ్ళ చొక్కా కొనుక్కునే వెసులుబాటు కూడా ఉంది. చేనేత గళ్ళ బట్టను మొదటి ఉతుకులో మాత్రం విడిగా, చల్లని నీళ్ళలో ఉతకండి. రంగు వదిలే అవకాశం ఉంటుంది.

ఏడవ మెట్టు: మడతలు

మా వీధి చివర బొగ్గుల ఇస్త్రీ బండి నడిపే అన్న సొంతూరు కుప్పం దగ్గరి పల్లె. ఊరెళ్ళి వచ్చిన ప్రతిసారీ చొక్కాల మీద పొట్ట మధ్యలో అడ్డగీత ఎందుకు పడుతోందని ఒకరోజు అడిగాను. "మీరే చెడగొట్టుకుంటారు సార్. నేనిచ్చిన మడత మీద ఇంకో మడత వేస్తే గీత పడక ఏం చేస్తుంది?" అన్నాడు. ఆయన రోజూ మడిచే మడత బీరువా అరకు కుదిరేది, ప్రయాణానికి కాదు. ప్రయాణానికని ముందే చెబితే వేరేగా మడిచి ఇస్తాడు. ఆ పద్ధతి ఇది.

చొక్కాకు పై గుండీ, మధ్యది, చివరిది పెట్టి, బోర్లా పరవాలి. రెండు చేతులనూ వీపు మీదికి నిలువుగా మడవాలి. అడ్డంగా మాత్రం ఒక్కటే మడత, అదీ కింది నుంచి సుమారు 25 సెంటీమీటర్ల దగ్గర. చొక్కా పొడవు 75 సెంటీమీటర్లు అనుకుంటే మిగిలిన 50 సెంటీమీటర్లు సంచి పొడవుకు సరిగ్గా కుదురుతాయి, ఆ గీత టక్ చేసుకున్నప్పుడు బెల్టు కింద దాగిపోతుంది. కాలరు లోపల సాక్సులను చుట్టచుట్టి పెడితే కాలరు నలగదు. ఒక్కో చొక్కా మధ్య డ్రైక్లీనింగ్ వాళ్ళిచ్చే పలుచని ప్లాస్టిక్ కవరు పెట్టండి. బట్ట మీద బట్ట రాపిడి లేకుండా జారుతుంది కాబట్టి ముడతలు చాలా తగ్గుతాయి.

బ్లేజరును సంచిలో పెట్టక తప్పకపోతే, ఒక భుజాన్ని లోపలి వైపు బయటికి వచ్చేలా తిరగేసి, రెండో భుజాన్ని అందులోకి దూర్చి, నిలువుగా మడిచి, మధ్యలో చుట్టిన తువ్వాలు పెట్టి సగానికి మడవాలి. ప్యాంట్లు అడుగున పరిచి కాళ్ళు బయటికి వేలాడనిచ్చి, చొక్కాలన్నీ పేర్చాక ఆ కాళ్ళను వాటి మీదికి కప్పితే ప్యాంటుకు మోకాలి దగ్గర గీత పడదు. టీ షర్టులు, బనియన్లు చుట్టలు చుట్టి అంచుల్లో కూరండి. సంచి వదులుగా ఉంటే లోపల అంతా జారి నలుగుతుంది, కాబట్టి సందులు మిగలనీయకండి.

ఎనిమిదవ మెట్టు: చిన్న సామాను, తనిఖీ

చక్రాల గట్టి పెట్టె ఖాళీగానే రెండున్నర కిలోలు దాటుతుంది. మెత్తని బట్ట సంచి కిలో, కిలోంబావు. ఏడు కిలోల్లో కిలోన్నర అక్కడే మిగులుతుంది. ల్యాప్‌టాప్ సంచిని వేరుగా అనుమతించే విమాన సంస్థలు ఉన్నాయి, లేనివీ ఉన్నాయి, టికెట్ మీద ఆ వాక్యం చదివే సర్దండి. పవర్ బ్యాంకు చేతిసంచిలోనే ఉండాలి. 20,000 ఎంఏహెచ్‌ది సుమారు 74 వాట్-అవర్లు, ప్రత్యేక అనుమతి అక్కర్లేని 100 వాట్-అవర్ల హద్దులోనే ఉంటుంది. గడ్డం గీసుకునే విడి బ్లేడ్లు చేతిసంచిలో ఉంటే తనిఖీలో తీసేస్తారు, బ్లేడు తలలోనే బిగించి ఉండే కార్ట్రిడ్జ్ రేజరు తీసుకువెళ్ళండి. విదేశీ ప్రయాణమైతే ద్రవాలు సీసాకు 100 మిల్లీలీటర్లు మించకూడదు. తిరుగు ప్రయాణంలో బంధువులు కట్టిచ్చే ఆవకాయ సీసాను చేతిసంచిలో పెట్టుకుంటే తనిఖీ దగ్గర గొడవే. ఎండుకొబ్బరి మంటలంటుకునే సరుకు కింద లెక్క, ఇంట్లో ముందే చెప్పి వద్దనండి.

జేబురుమాళ్ళు మాత్రం రోజుకు రెండు చొప్పున పెట్టుకోండి. ఎక్కువ సర్దమని నేను చెప్పే వస్తువు ఇదొక్కటే.

తొమ్మిదవ మెట్టు: దిగిన వెంటనే

గదిలోకి వెళ్ళగానే ఫోను చార్జింగుకు పెట్టేముందు చొక్కాలు, ప్యాంటు హ్యాంగరుకు తగిలించండి. మిగిలిన ముడతలకు స్నానాల గదిలో వేడినీళ్ళ ఆవిరి పది నిమిషాలు పట్టించి, వెంటనే బయటికి తెచ్చి అరచేత్తో కిందికి నిమరండి. ఉదయం సమావేశానికి ఇరవై నిమిషాలు ముందే చేరుకుని, ఏసీలో చెమట ఆరాక బ్లేజరు తొడగండి. వచ్చేదారిలో తొడుక్కుంటే మొదటి కరచాలనానికే తడిసిపోతారు.

ఇల్లు చేరాక సంచి ఖాళీ చేసేటప్పుడు మొదటి మెట్టులో రాసుకున్న కాగితం మళ్ళీ తీసి, వాడకుండా తిరిగొచ్చిన వస్తువుల పక్కన గుర్తు పెట్టండి. రెండు ప్రయాణాల్లో గుర్తు పడినదాన్ని మూడోసారి సర్దకండి. నా కాగితంలో అలా గుర్తు పడుతూనే ఉన్నది ఒక నేవీ బ్లూ టై. బరువు వంద గ్రాములు కూడా లేదు, మా నాన్న కొనిచ్చింది, బూట్లకు నప్పుతుంది కూడా. అది మాత్రం సంచి పక్క జేబులోనే ఉండిపోయింది.